కాచి చల్లార్చిన నీళ్లు

మా ఏలూరు వాళ్లకి నీళ్ల విషయంలో కాస్త అతిశయం ఉందండీ. ఉండదూ మరి? ఒకవైపునుంచి కృష్ణా కాలువ, ఇంకోవైపునుంచి గోదావరి కాలువ వచ్చి కలిసేది మా ఊళ్లోనేనాయె! "మాది రెండు నదుల నీళ్లు తాగే ఊరు" అని మా అత్తయ్యగారు వచ్చిన చుట్టాలందరికీ చెబుతూండేవారు. చెప్పేసి, ఆ నీళ్లనే బిందెలో పోసి, రాతిమీద చిల్లగింజ అరగదీసి కలిపి, మట్టంతా అడుగుకి దిగాక పలచటి గుడ్డలో వడగట్టిగానీ ఎవరికీ గ్లాసు అందించేవారు కాదు. అతిశయం వేరు, జాగ్రత్త వేరూను.

వంటిల్లు నా చేతికి వచ్చాక చిల్లగింజ పోయి పటిక వచ్చింది. పటికా పోయి స్టవ్వుమీదికి పెద్ద గిన్నె ఎక్కింది. రాత్రి వంటపని అయ్యాక నీళ్లు తెర్లేదాకా కాచి, మూతపెట్టి, పొద్దున్నే కూజాలో పోయడం నలభై ఏళ్ల వ్రతం నాది. ఉద్యాపన లేని వ్రతం. "గ్యాసంతా నీళ్లకే అయిపోతోంది" అని మా వారు సణిగినప్పుడల్లా, "కలరా వస్తే అయ్యే ఖర్చుకంటే తక్కువే లెండి" అని నోరు మూయించేదాన్ని. వానాకాలం కుళాయి తిప్పగానే బ్లీచింగు వాసన గుప్పుమంటే ఆయన ముక్కు మూసుకునేవారు. నాకు మాత్రం అదేమిటో ధైర్యంగా ఉండేది.

ఆ ధైర్యం కాస్తా 2020 డిసెంబరులో పోయింది. 5వ తేదీ, శనివారం. వన్‌టౌన్‌లో జనం ఉన్నట్టుండి కళ్లు తిరిగి పడిపోవడం, ఫిట్స్ రావడం మొదలైంది. అసలే కరోనా రోజులు. కొద్దిరోజుల్లోనే ఆ సంఖ్య 500 దాటింది. చాలామంది గంటల్లోనే తేరుకున్నారు, అదొక్కటే అదృష్టం. ఎయిమ్స్ వాళ్లు రక్తం పరీక్షచేస్తే సీసం, నికెల్ కనిపించాయన్నారు. నీళ్లవల్లా, కూరగాయలవల్లా, పురుగుమందులవల్లా అని ఊరంతా తలో మాటా.

ఆ రాత్రి కూడా అలవాటుగా నీళ్లు స్టవ్వుమీద పెట్టాను. ఫోనులో మా అబ్బాయి, "కాస్తే క్రిములు చస్తాయిగానీ సీసం చావదమ్మా. నీళ్లు ఆవిరైనకొద్దీ మిగిలినవాటిలో దాని పాలు ఇంకా పెరుగుతుంది" అన్నాడు. స్టవ్వు కట్టేసి ఆ గిన్నెకేసి చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో! రంగూ, రుచీ, వాసనా లేనిదాన్ని ఏ గుడ్డలో వడగట్టను?

మర్నాడే ఇరవై లీటర్ల నీళ్ల టిన్ను తెప్పించాం. తరవాత గోడకి ఆర్వో మిషనూ బిగించాం.

ఇక్కడిదాకా చెప్పుకోవడానికి బాగానే ఉంది. మా పనిమనిషి ఆ వారమంతా రాలేదు. వాళ్లది ఆ పేటే. కూతురికి ఫిట్స్ వచ్చాయిట, పిల్ల తేరుకుంది. ఎనిమిదోనాడు పనిలోకొచ్చి, అంట్లు తోమి, ఎప్పటిలాగే పెరటి కుళాయికింద దోసిలి పట్టి తాగింది. అప్పటికి పదకొండేళ్లుగా అలాగే తాగుతోంది. నా కూజా వంటింటి గట్టుమీదే ఉండేది; "ఇవి తాగవే" అని నేనెన్నడూ అనలేదు. ఇష్టం లేక కాదు, తోచక. తోచకపోవడమేమిటీ అని మీరడగచ్చు. నన్ను నేనూ అడిగి చూసుకున్నాను.

"ఆ నీళ్లు వద్దు, లోపల టిన్నులోవి తాగు" అన్నాను.

మూతి తుడుచుకుంటూ నవ్వింది. "ఇక్కడ మానేస్తే ఏమవుద్ది అమ్మగారూ, ఇంటికాడ తాగేదీ ఇయ్యేగా!"

ఇప్పుడు వెళ్లేటప్పుడు రెండు బాటిళ్లు పట్టుకెళుతుంది. ఆ ఇంట్లో నలుగురు. మొన్న మూడోది మా వారే నింపి గుమ్మం దగ్గర పెట్టారు. గ్యాసు గురించి సణిగిన మనిషే!