నాన్నగారి పుస్తకంలో ఒక తపాలా బిళ్ళ

మా నాన్నగారి తపాలా బిళ్ళల పుస్తకంలో 1968లో పశ్చిమ జర్మనీ విడుదల చేసిన బిళ్ళ ఒకటి ఉండేది. దాని మీద ఒక స్త్రీ ముఖం. చిన్నప్పుడు ఎవరని అడిగితే, "హెలెన్ మాయర్. కత్తిసాములో ప్రపంచ విజేతరా!" అన్నారాయన. చాలాకాలం నాకు తెలిసింది అంతే. తక్కినదంతా పెద్దయ్యాక చదివాను.

ఆమె 1910లో జర్మనీలోని ఓఫెన్‌బాఖ్‌లో పుట్టింది. తండ్రి యూదుడు, వైద్యుడు, తల్లి క్రైస్తవురాలు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఫాయిల్ విభాగంలో స్వర్ణం గెలిచేనాటికి ఆమెకు పద్దెనిమిదేళ్ళు నిండలేదు. 1932 లాస్ ఏంజెలెస్ పోటీలలో ఐదవ స్థానంతో సరిపెట్టుకుని, చదువుకోసం అమెరికాలోనే ఉండిపోయింది. మరుసటి ఏడాది హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. ఓఫెన్‌బాఖ్‌లో ఆమె సభ్యురాలిగా ఉన్న క్లబ్బే ఆమె పేరు కొట్టివేసింది. కారణం తండ్రి పుట్టుక.

యూదులను ఆడనివ్వకపోతే 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌ను బహిష్కరించాలని అమెరికాలో ఆందోళన రేగింది. ఆ నోళ్ళు మూయించడానికి జర్మనీకి ఒక పేరు కావలసివచ్చింది. ఎత్తు దూకడంలో మేటి అయిన గ్రెటెల్ బెర్గ్‌మన్‌ను చివరి ఘడియలో తప్పించిన ఆ ప్రభుత్వమే హెలెన్‌ను పిలిచింది. ఆమె వెళ్ళింది. హంగేరీకి చెందిన ఇలోనా ఎలెక్‌కు స్వర్ణం, హెలెన్‌కు రజతం దక్కాయి. ఇలోనాదీ యూదు మూలాలున్న కుటుంబమే. బహుమతుల వేదికపై హెలెన్ చేయి చాచి నాజీ వందనం చేసింది. ఆ ఛాయాచిత్రం నేటికీ ఉంది.

తొలిసారి దాన్ని చూసినప్పుడు నాకు ఒళ్ళు మండింది. వెలివేసినవారికే వందనమా? తల్లి, అన్నదమ్ములు అప్పటికి జర్మనీలోనే ఉన్నారని తెలిశాక ఆ కోపం కొంత తడబడింది. భయమో, పుట్టిన నేల మీద మమకారమో, పతకం మీద ఆశో, నేనెలా తేల్చగలను?

పైగా నా సంగతి నాకు గుర్తుంది. మొదటి ఉద్యోగంలో ఉండగా, ఒక తోటి ఉద్యోగిని చేయని తప్పుకు బయటకు పంపించారు. అతనికి వ్యతిరేకంగా రాసిన కాగితం మీద అందరితోపాటు నేనూ సంతకం చేశాను. చెల్లెలి పెళ్ళి దగ్గరపడిందని నాకు నేను చెప్పుకున్నాను. హెలెన్ ముందున్న ప్రమాదంలో నూరోవంతు కూడా నా ముందు లేదు.

ఆ రోజుల్లో ఫాయిల్ పోటీలకు విద్యుత్ పరికరాలు లేవు. పోటు తగిలిందో లేదో న్యాయనిర్ణేతలు కంటితో చూసి చెప్పేవారు. తగిలిందని తగిలినవారే ఒప్పుకోవడం ఆ క్రీడలో మర్యాద.

హెలెన్ 1937లో మళ్ళీ ప్రపంచ విజేత అయింది. అమెరికాకు తిరిగివెళ్ళి, అక్కడి జాతీయ పోటీలలో మొత్తం ఎనిమిదిసార్లు గెలిచింది. 1952లో జర్మనీ చేరి, మరుసటి ఏడాది క్యాన్సర్‌తో కన్నుమూసింది. అప్పటికామెకు నలభై రెండేళ్ళు.

నాన్నగారు పోయాక ఆ పుస్తకం నా దగ్గరికి వచ్చింది. మొన్న మా అమ్మాయి ఆ బిళ్ళ మీద వేలు పెట్టి "ఎవరు నాన్నా?" అంది. "కత్తిసాములో ప్రపంచ విజేత" అని, ఒక్క క్షణం ఆగి, "కూర్చో, ఇంకా ఉంది" అన్నాను. ఆమె కథంతా చెప్పాను. నా సంతకం సంగతి మాత్రం ఇంకా చెప్పలేదు.