ఐబీఎస్: తాలింపు నుంచి నిద్ర దాకా

ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ (ఐబీఎస్)లో మామూలు పరీక్షలకు పేగులో పుండో వాపో కనిపించదు, నొప్పి మాత్రం నిజం. అందుకే ‘అంతా నీ భ్రమ’ అనడం అన్యాయం. మెదడుకూ పేగుకూ మధ్య సంకేతాలు గాడి తప్పి, మామూలు గ్యాస్ కూడా నొప్పిగా తెలుస్తుంది. రోగనిర్ధారణకు వాడే 2016 నాటి రోమ్-4 ప్రమాణాల ప్రకారం మూడు నెలలుగా వారానికి కనీసం ఒకరోజైనా కడుపునొప్పి, దానితోపాటు విరేచనాల తీరులో మార్పు ఉండాలి.

ఆహారంలో అసలు చిక్కు ఫాడ్‌మ్యాప్‌లతో. చిన్నపేగు సరిగా పీల్చుకోలేని ఈ పిండిపదార్థాలు నీటిని లాగుతాయి, పెద్దపేగులో పులిసి గ్యాస్ అవుతాయి. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, శనగలు, రాజ్మా, పాలు, మామిడిపండు ఈ కోవలోవే. అన్నం, వంకాయ, క్యారెట్ చాలామందికి పడతాయి. వెల్లుల్లిలోని ఫ్రక్టాన్లు నూనెలో కరగవు కనుక, రెబ్బల్ని నూనెలో వేయించి తీసేస్తే వాసన మిగులుతుంది, బాధ ఉండదు. తెలుగు వంటకు ఇది పెద్ద ఊరట.

మెల్‌బోర్న్‌లోని మోనాష్ విశ్వవిద్యాలయం రూపొందించిన, ఫాడ్‌మ్యాప్‌లు తగ్గించే పథ్యం జీవితాంతం చేసేది కాదు. రెండు నుంచి ఆరు వారాలు ఆ పదార్థాలు మానేసి, తర్వాత ఒక్కొక్కటే తిరిగి తిని చూడాలి. చాలామంది ఈ రెండో మెట్టు ఎక్కకుండానే ఆగిపోయి, పోషకాలు పోగొట్టుకుంటారు. డైటీషియన్ తోడు ఉంటే మంచిది.

పీచు కోసం ఇసబ్‌గోల్‌ను కొద్ది మోతాదుతో మొదలుపెట్టి, నీళ్లు బాగా తాగాలి. వేళకు భోజనం, నడక, చాలినంత నిద్ర, కాఫీ తగ్గించడం కూడా వైద్యంలో భాగమే.

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత ఉంటే, లేదా యాభై దాటాక కొత్తగా ఈ లక్షణాలు మొదలైతే, పథ్యం పక్కన పెట్టి ముందు డాక్టరును కలవాలి.