కొలువని మంటపము

ఎన్టీఆర్ జిల్లాలో తిరువూరు ప్రాంతమున నెమలి యను గ్రామము కలదు. వేణుగోపాలస్వామి యాలయము వలన ఈ ఊరి పేరు చుట్టుపట్ల నెరుగనివారు లేరు. నేనీ యూరివాడను. ఉపాధ్యాయ వృత్తి చాలించి పదునెనిమిది యేండ్లయినది. ప్రాతకట్టడములన్న నాకు ప్రీతి యనియు, వాని సంగతులు నాకు తెలియుననియు ఊరిలో నాకొక పేరున్నది. ఆ పేరు నాకెంతవరకు తగునో ఈ వేసవిలో మా మనుమరాలు తేల్చివేసినది. ఆ సంగతినే యిచట వ్రాయబూనితిని.

ఆ పిల్ల బెజవాడలో ఇంజనీరింగు చదువుచున్నది. సెలవులకు వచ్చి, ఒకనాటి సాయంకాలము పంచలో కూర్చుండి, తన కంప్యూటరు తెరపై నాకు రోము నగరమును చూపినది. నేటి రోము కాదు, క్రీ. శ. 320వ సంవత్సరము నాటి రోము. ఛాయాచిత్రములలో అంచు విరిగిన గిన్నెవలె కనబడు కొలోసియము అచట నాలుగంతస్తులతో నిండుగా నిలిచియున్నది. కప్పు కూలిన మహామందిరములకు కప్పులు వచ్చినవి. మొండిస్తంభములు దూలములను మోయుచున్నవి. విజయతోరణముల క్రిందుగా మనము నడచిపోవుచున్నట్లే వీధులు ముందుకు సాగుచున్నవి.

"ఇదంతా ఎవరో ఊహించి గీసిందేనా?" అని యడిగితిని.

"కొంత ఊహ, కొంత లెక్క తాతయ్యా. ఏది ఊహో, ఏది లెక్కో చెప్పగలగడమే ఇందులో అసలు చదువు" అని సమాధానము చెప్పినది.

ఆ మాట నా మనస్సున నాటుకొనినది. తరువాత కొన్నాళ్లు ఆ విషయమునే చదివితిని. 'రోమ్ రీబార్న్' అను ఈ పునర్నిర్మాణము బెర్నార్డ్ ఫ్రిషర్ అను అమెరికా పండితుని పూనికతో 1996లో మొదలై, 2007లో తొలిరూపము దాల్చినది. ఆ నగరమందలి వేలకొలది కట్టడములలో, వివరములు నిశ్చయముగా తెలిసినవి కొలదియే. మిగిలిన యిండ్లును అంగళ్లును ఆయా వాడల తీరును బట్టి నిలిపినవి. వీనికి ఆధారము గిస్మోండి యను ఇటలీ శిల్పి 1930 దశకమున ఆరంభించి చిరకాలము శ్రమించి చేసిన సున్నపుముద్ద నమూనా. అది 250 అడుగులను ఒక అడుగుగా కుదించి చేసినది. గిస్మోండికి ఆధారము శిథిలములును, వాని కొలతలును, ప్రాచీన రోమకులే చెక్కిన యొక నగరపటమును. మూడవ శతాబ్ది యారంభమున 150 చలువరాతి పలకలపై నగరమంతటిని చెక్కి యొక గోడకు తాపిరి. ఇంటింటి గోడలును, మెట్లును సహితము దానియందు గుర్తింపబడినవి. ఇప్పుడు దానిలో పదియవ వంతు మాత్రమే ముక్కలుగా మిగిలినది. తక్కిన రాళ్లలో కొన్ని గోడలలోనికి పోయినవి. కొన్ని సున్నపుబట్టీలలోనికి పోయినవి.

సున్నపుబట్టీ యనగానే నేను నిలిచిపోయితిని. పదునారవ శతాబ్దియందు రాఫేలు చిత్రకారుడు రోము మతగురువగు పదియవ లియోకు ఒక దీర్ఘలేఖ వ్రాసెను. క్రొత్త రోము నగరమంతయు ప్రాతచలువరాళ్లను కాల్చిన సున్నముతో కట్టబడుచున్నదని యందులో వాపోయెను. మిగిలినదానినైన కొలిచి, ప్రాచీన నగరమును కాగితముపై తిరిగి నిలుపుటకు అతడు పూనుకొనెను. కాని 1520లో ముప్పదియేడవ యేటనే మరణించుటచే ఆ పని ముగియలేదు. నేడు తెరపై జరుగుచున్నది ఆ పనియే. అయిదువందల యేండ్లలో సాధనము మారినది; అవసరము మాత్రము మారలేదు.

రోము సంగతి మనకేల యని చదువరులు తలంపవచ్చును. మన దేశమునకు రోముతో పరిచయము నేటిది కాదు. వినుకొండలో రోము బంగారు నాణెములును, నల్లగొండ సీమలోని అక్కెనపల్లిలో వెండి నాణెములును దొరకినవి. నాగార్జునకొండలో నలువైపుల మెట్లు గల యొక రంగస్థలము బయల్పడగా, దానిపై రోము ప్రభావము కలదని కొందరు పండితులు తలచిరి. నాగార్జునసాగరపు నీటిలో ఆ లోయ మునుగక ముందే 1954 మొదలు 1960 వరకు త్రవ్వి, కొలిచి, వ్రాసికొని, ముఖ్యమైన కొన్ని కట్టడములను తరలించి కొండమీదను, అనుపు వద్దను తిరిగి కట్టిరి. మునిగిన లోయ మునిగినను, కొలతలు మునుగలేదు.

అమరావతి మహాచైత్యమునకు అట్టి యదృష్టము పట్టలేదు. 1790 దశకమున వాసిరెడ్డి వేంకటాద్రి నాయడుగారు అమరావతిలో నూతన రాజధానిని నిర్మించునాటికి ఆ చైత్యము దీపాలదిన్నె యను పేర మట్టిదిబ్బగా నుండెను. కట్టుబడికి రాళ్లు కావలసి దిబ్బను త్రవ్వగా చెక్కడపుపలకలు బయల్పడినవి. అవి పలనాటి సున్నపురాళ్లు. కొన్ని మెట్లకును గోడలకును పోయినవి. కొన్ని కాలి సున్నమైనవి. 1797లో కాలిన్ మెకంజీ ఆ స్థలమును చూచెను. 1816లో మరల వచ్చుసరికి దిన్నె నడుమ చెరువు త్రవ్వబడి యుండెను. అప్పుడాయన తన చిత్రకారులచేత స్థలపటమును, కనబడిన శిల్పములను శ్రద్ధగా గీయించెను. ఆయనకు ఊరూరి వృత్తాంతములు సమకూర్చి యిచ్చుటయందు కుడిభుజముగా నిలిచిన కావలి వెంకట బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరులు తెలుగువారని మనము గర్వపడవచ్చును. ఆ చిత్రములు నేడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో నున్నవి. వానిలో గీయబడిన రాళ్లలో కొన్నింటికి ఆ కాగితమే నేటి నివాసము. రాయి మరెచ్చటను లేదు.

తరువాతి కథ సంగ్రహముగా చెప్పుదును. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించి మదరాసు చేర్చిన రాళ్లలో పెక్కింటిని 1859లో ఓడనెక్కించి లండనుకు పంపిరి. 1880లో మదరాసు ప్రభుత్వము సదుద్దేశముతోనే స్థలమంతయు త్రవ్వించినది. మరుసటి యేడు బర్జెస్ పండితుడు వచ్చి చూడగా, మహాచైత్యమున్న చోట పెద్దగొయ్యి కనబడినది. అజ్ఞానము చేసిన కీడు కొంత, త్వరపాటు చేసిన కీడు కొంత. నేడు అమరావతిలో చైత్యపు అడుగుభాగము మాత్రము మిగిలినది. శిల్పములు చెన్నపురిలోను, లండనులోను, అమరావతి మ్యూజియములోను చెదరియున్నవి.

ఇక తెరమీద దీనిని నిలుపుట యెట్లు? ఇచట రోమునకును మనకును ఒక చక్కని పోలిక కలదు. టైటస్ చక్రవర్తి నాణెములపై కొలోసియము బొమ్మ యున్నది. దానిని చూచి పై యంతస్తుల తీరును పండితులు గ్రహింతురు. మన శిల్పులును అట్టి యుపకారమే చేసిరి. చైత్యమునకు తాపిన పలకలపై చైత్యమునే చెక్కిరి. చుట్టును ప్రాకారము, ద్వారముల వద్ద సింహములు, దిక్కునకు అయిదేసి ఆయకస్తంభములు, పూలదండలు చుట్టిన అండము, పైన ఛత్రములు, ఆకాశమున దేవతలు: అన్నియు అందున్నవి. 2017లో బ్రిటిష్ మ్యూజియమువారు 'వర్చువల్ పిల్గ్రిమేజ్' అను పేర నొక ప్రదర్శనము చేసి, ఇరువైపుల చెక్కడములు గల యట్టి పలక నొకదానిని నడుమ నుంచి, మహాచైత్యమును కంప్యూటరు చిత్రములతో సందర్శకుల కన్నుల యెదుట నిలిపిరి. ప్రాకారపు వ్యాసము సుమారు 59 మీటర్లని మనకు తెలియును. అది నేలపై కొలిచినది. అండమెంత యెత్తో చెప్పుట కష్టము. ఏలయన శిల్పి బొమ్మను అందమునకు చెక్కును గాని కొలబద్ద పెట్టి చెక్కడు. అందుచేతనే ఫెర్గుసన్ మొదలు నేటివరకు పండితులు గీసిన చైత్యములు ఒకదానితో నొకటి సరిపోలవు.

ఇంతవరకు విని మా మనుమరాలు తలయూపి, "బాగుంది తాతయ్యా. మరి నువ్వు చిన్నప్పుడు ఆడుకున్నానని చెప్తావే, ఆ చెరువుగట్టు మంటపం? దాన్ని చేద్దామా? కొలతలు చెప్పు" అన్నది.

నేను నోరు తెరచి, ఏమియు చెప్పలేక, మూసికొంటిని.

ఆ మంటపము మా మేనత్తగారి ఊరిలో చెరువుగట్టున నుండెడిది. నల్లరాతి కట్టడము. బాటసారులు అందు బసచేసెడివారు, పెండ్లివారు విడిసెడివారు. నలుబది యేండ్ల క్రిందట నేనా యూరి పాఠశాలలో పనిచేయునపుడు, దానిని తీసివేసి కాంక్రీటు కల్యాణమంటపము కట్టవలెనని ఊరిపెద్దలు తలచిరి. కప్పురాయి యొకటి బీటవారినది. పిల్లలపై పడునని భయము. అది నిజమైన భయమే. కొందరు వృద్ధులు వలదనగా, పెద్దలు నా వద్దకు వచ్చి, "మాష్టారూ, మీరు సంతకం పెడితే వాళ్లూ కాదనరు" అనిరి. పెట్టితిని. ఆ యేడే నేను పిల్లలను అమరావతికి తీసికొనిపోయి, శిల్పములను సున్నముగా కాల్చినవారి యజ్ఞానమును గూర్చి ఎండలో అరగంట ఉపన్యసించి యుంటిని. వారి కొలిమికిని నా కలమునకును గల భేదమేమో నాడు నాకు తోచలేదు.

కూల్చుట తప్పని నేనిప్పటికిని అనను. ప్రాణభయమున్న కట్టడమును తీయవలసి రావచ్చును. కాని తీయుటకు ముందు ఒక్క పూట ఆగి, దారము పట్టి కొలిచి, స్తంభములెన్నో లెక్కించి, నోటుపుస్తకమున వ్రాసియుంచిన పోవునదేమి? బడిలో కొలబద్ద యున్నది. ముప్పదిమంది పిల్లలుండిరి. లేనిది బుద్ధి యొక్కటియే.

స్తంభములు పదునారని నా జ్ఞాపకము. మా యక్కయ్యకు ఫోను చేయగా, పండ్రెండేయని గట్టిగా చెప్పినది. తూర్పు స్తంభముపై హంస యుండెనని నేననగా, "హంస కాదురా, పూర్ణకుంభం. దానికి నేను పసుపు రాసేదాన్ని" అన్నది. ఇద్దరము అందే పెరిగితిమి. ఇద్దరిలో ఒకరి జ్ఞాపకము తప్పు. బహుశః ఇద్దరిదియు తప్పు. నలుబది యేండ్లకే మా గతి యిట్లున్న, పదునెనిమిది వందల యేండ్ల నాటి చైత్యమును గూర్చి పండితులు వాదులాడుట వింతగాదు.

మరునాడు మేమిరువురము ఆ యూరికి పోయితిమి. వీధివీధి వెదకగా ఒక యింటి పెరటిలో బట్టలుదుకు బండగా ఒక స్తంభము దొరకినది. ఇంటి యిల్లాలు బట్టలు తీసి, నీళ్లు పోసి కడిగి, టేపు రెండవకొన తానే పట్టుకొన్నది. పొడవు ఆరడుగుల నాలుగంగుళములు. ఒకవైపు మొత్తలపై చెక్కడము అరిగియున్నది. మనుమరాలు వ్రేలితో తడిమి, ఛాయాచిత్రములు తీసి, "హంసో కుంభమో చెప్పలేం తాతయ్యా" అన్నది. కాలువపై తూముకప్పుగా పరచిన దూలము మరియొకటి కనబడినది. దాని పొడవును బట్టి స్తంభములకు నడుమ నెడము తెలిసినది. ఇంతకంటె నేమియు దొరకలేదు. పునాది కాంక్రీటు క్రింద నున్నది.

ఆ రాత్రి ఆ పిల్ల తెరపై మంటపమును నిలిపినది. దొరకిన స్తంభమును, దూలమును మాత్రమే రాతిరంగుతో గట్టిగా చూపినది. తక్కిన స్తంభములు పలుచని బూడిదరంగు నీడలు. పండ్రెండింటితో నొకటి, పదునారింటితో నొకటి, రెండు రూపములు చేసినది. "అన్నీ ఒకే రంగు వేయరాదా, చూచుటకు అందముగా నుండును గదా" అంటిని. అంగీకరింపలేదు. ఈ పనికి లోకమున ఒక కట్టుబాటు కలదట. 2006లో ఆరంభించి 2009లో సవరించి ప్రకటించిన 'లండన్ చార్టర్' అను ఒడంబడిక. ఏ భాగమునకు ఆధారమున్నదో, ఏ భాగము ఊహయో, ఆ యూహకు హేతువేమో వ్రాసియుంచవలెననియు, చూచువారికి తెలియజేయవలెననియు దాని సారము. ఆధారము లేని చోట అందము కూర్చినచో అది చరిత్ర గాదు. నా సంతకమువంటి మరియొక తప్పు.

చదువరులారా, యంత్రము చైత్యమును పుట్టింపలేదు. మనమిచ్చిన కొలతను మాత్రమే అది కండ్లకు కట్టును. రోముకు పటము చెక్కినవారుండిరి గనుక రోము లేచినది. అమరావతికి చిత్రములు గీయించినవాడుండెను గనుక ఆపాటియైన మిగిలినది. మన యూరి రచ్చబండకు, దిగుడుబావికి, మండువాయింటికి ఎవరున్నారు? వానిని కాపాడుట మనకు సాధ్యము కాకపోవచ్చును. కొలుచుట సాధ్యము. దీనికి ప్రభుత్వపుటుత్తరువు అక్కరలేదు, ధనమక్కరలేదు. చేతిలోని ఫోను ఛాయాచిత్రము తీయును. టేపు ఏ కంసాలియైనను ఎరువిచ్చును. తల్లులు పిల్లలను వెంటబెట్టుకొనిపోయి, పొడవు వెడల్పులు వ్రాయించి, ఊరిలోని వృద్ధులు చెప్పు మాటను వారి పేరుతో ప్రక్కన గుర్తింపజేసిన, ఒక సెలవునాటిలో ముగియు పని.

మా పొరుగుపల్లెలో ఒక ప్రాత దిగుడుబావి కలదు. దానిని పూడ్చవలెనను మాట వినవచ్చుచున్నది. వలదని చెప్పి చూతును; వినకపోవచ్చును. అందుచేత మొన్న ఆదివారము మనుమరాలును నేనును పోయి దానిని కొలిచితిమి. మెట్లు ముప్పదినాలుగు. ఈసారి నేను ఒకమారు, ఆ పిల్ల ఒకమారు, వేరువేరుగా లెక్కించితిమి.