సూరత్ నుండి వఘాయి దాకా: ఒక చిన్న శలభం వెంట

సూరత్ అనగానే మనవారికి ముందుగా చీరలు, ఆ తరువాత వజ్రాలు గుర్తుకు వస్తాయి. చరిత్ర చదివినవారు మొగలుల కాలపు మహా రేవుపట్టణాన్ని, 1664లో శివాజీ చేసిన దాడిని స్మరిస్తారు. తెలుగువారికి ఈ నగరంతో మరొక అనుబంధం కూడా ఉన్నది. తెలంగాణ పల్లెల నుండి తరలివచ్చిన నేత కుటుంబాలు ఎన్నో ఇక్కడి మరమగ్గాలను నమ్ముకుని తరాలుగా జీవిస్తున్నాయి. వారి పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతం నడుపుతున్నది. అయితే మేము ఇప్పుడు చెప్పబోయేది చీరల ముచ్చట గాని, వజ్రాల ముచ్చట గాని కాదు. అంగుళమైనా లేని ఒక బూడిదరంగు శలభం మా కాలనీలో రేపిన కలహం గురించి, దాని వెంట మేము చేసిన రెండు రోజుల ప్రయాణం గురించి.

మా నివాస కాలనీలో ఇరవై మూడు సపోటా చెట్లున్నాయి. కాలనీ కట్టిన తొలి రోజుల్లో ఇక్కడ కాపురం పెట్టిన ఉద్యోగులు వాటిని నాటారు. వేసవి మధ్యాహ్నాల్లో పిల్లలు ఆడుకునేది వాటి నీడనే. రెండేళ్ళుగా ఆ చెట్ల కొమ్మల చివర ఆకులు సాలెగూటి వంటి దారాలతో ఒకదానికొకటి అతుక్కుని, మాడిపోయి, గుత్తులు గుత్తులుగా వ్రేలాడసాగాయి. మొగ్గలు రాలిపోయాయి. నిలిచిన పిందెలకు చిల్లులు పడ్డాయి.

సంక్షేమ సంఘం సమావేశంలో మూడు పక్షాలు తేలాయి. చెట్లు కొట్టివేసి ఆ స్థలంలో వాహనాలు నిలుపుకుందామన్నారు కొందరు. నెలకొకసారి గట్టి మందు కొట్టిద్దామన్నారు మరికొందరు. పిల్లలు ఆడుకునే చోట విషం చల్లుతామంటే ఊరుకోబోమని తల్లులు ఎదురు తిరిగారు. మాటలు పెరిగాయి. ఉద్యోగ విరమణ చేసి సూరత్‌లోనే స్థిరపడిన ఒక పెద్దాయన అంతా విని, "నరకడానికి ఒక పూట చాలు నాయనా! అది ఏ పురుగో, ఏమి తింటుందో ముందు కనుక్కుని రండి" అన్నారు. ఆ చెట్లలో నాలుగు ఆయన నాటినవే. నిర్ణయం రెండు వారాలు వాయిదా పడింది. కనుక్కుని వచ్చే పని మా నలుగురి మీద పడింది.

దీపావళి వెళ్ళిన శనివారం ఉదయం సూరత్ స్టేషనులో రైలెక్కి దక్షిణంగా ప్రయాణించి, నవసారి దాటి బిలిమోరాలో దిగాము. అక్కడికి సమీపంలోనే గణదేవి. ఈ తాలూకా సపోటాలకు పుట్టినిల్లు కాకపోయినా మెట్టినిల్లు అనవచ్చును. సపోటా స్వస్థలం మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాలు. సముద్రాలు దాటి వచ్చిన ఈ చెట్టు దక్షిణ గుజరాత్ నేలను సొంతం చేసుకున్నది. 'చీకూ' అని ఇక్కడి పేరు. పక్కనే ఉన్న అమల్‌సాడ్ నుండి ఈ పండ్లు ఢిల్లీ అంగళ్ళ దాకా వెళతాయి. తోటల్లో ఎక్కువగా కనిపించేది కాలీపత్తీ రకం. మన ఆంధ్ర తోటల్లోనూ ఇది పరిచితమైనదే.

మిత్రుల ద్వారా పరిచయమైన ఒక వృద్ధ రైతు మమ్మల్ని ఆదరంగా తన తోటలోకి తీసుకువెళ్ళారు. అందరూ ఆయనను 'కాకా' అని పిలుస్తుంటే మేమూ అలాగే పిలిచాము. మేము సంచిలో తెచ్చిన ఎండుగుత్తిని చూడగానే నవ్వి, దానిని మెల్లగా విప్పారు. లోపల దారాల మధ్య గులాబి ఛాయ గల సన్నని పురుగు, ఒంటి మీద నిలువునా ముదురు చారలు. మా అలికిడికి అది గిరుక్కున వెనక్కి జరిగింది. శాస్త్రజ్ఞులు దానిని నెఫాప్టెరిక్స్ యూగ్రాఫెల్లా అంటారు. తల్లి శలభం లేత కొమ్మల ఆకుల మీద, మొగ్గల మీద గ్రుడ్లు పెడుతుంది. పిల్లపురుగు ఆకులను దారంతో కుట్టి గూడు చేసుకుని, పచ్చని భాగాన్ని గీకి తిని ఈనెలను వదలివేస్తుంది. ఆకులు చాలనప్పుడు మొగ్గల్లోకి, పిందెల్లోకి తొలుచుకుపోతుంది. ఆ గూటిలోనే కోశస్థ దశ గడిపి రెక్కలతో వెలువడుతుంది.

"ఆకు తింటే చెట్టు ఓర్చుకుంటుంది. మొగ్గ తింటే ఇంట్లో పొయ్యి ఓర్చుకోదు" అన్నారు కాకా. సపోటా దాదాపు ఏడాది పొడవునా పూస్తూ కాస్తూ ఉంటుంది. కాబట్టి ఈ పురుగుకు ఆకలి తీరని ఋతువంటూ లేదు. ఆయన తోటలో మనుషులు పొడవైన కొంకి కర్రలతో ఎండుగుత్తులను కోసి, గోతిలో వేసి తగులబెడుతున్నారు. గుబురుగా పెరిగిన లోపలి కొమ్మలను తీసివేసి గాలీ వెలుతురూ ఆడనిస్తున్నారు. మందు వాడరా అని అడిగాము. పురుగు మరీ మితిమీరినప్పుడు, నవసారి వ్యవసాయ విశ్వవిద్యాలయం వారిని అడిగి, వారు చెప్పిన మోతాదులో వాడతామన్నారు. గూడు కట్టుకుని లోపల కూర్చున్న పురుగుకు పైన చల్లిన మందు సరిగా తగలదు. ముందు గూడు తీయాలి. ఇది ఆయన నియమం.

తోట గట్టున ఉన్న ఒక పొగడ చెట్టును చూపి, దాని మీదా ఈ పురుగు ఉంటుందని కాకా చెప్పారు. మాకు ఆశ్చర్యం కలిగింది. ఆలోచించగా కారణం బోధపడింది. సపోటా, పొగడ, ఇప్ప, పాల చెట్టు అన్నీ ఒకే వృక్ష కుటుంబం. గిల్లితే పాలు కారడం వీటన్నిటికీ సామాన్యం. సపోటాను అంటుకట్టడానికి పాల మొక్కనే వేరుమూలంగా వాడతారు. విదేశం నుండి వచ్చిన చెట్టు తన బంధువుల ఇంటికే వచ్చి చేరింది. ఆ బంధువులను తినే పురుగు దానిని కూడా తన విస్తట్లో చేర్చుకున్నది. మా కాలనీ ద్వారం వద్ద ఒక పొగడ చెట్టున్నది. రోజూ దాని పూల వాసన పీలుస్తూ పోయే మేము, దాని ఆకుల వైపు ఒక్కనాడూ చూడలేదు.

ఈ శలభాలను ఆంగ్లంలో ముట్టె శలభాలు అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. తలకు ముందు రెండు స్పర్శాంగాలు చేరి ముట్టెవలె పొడుచుకు వచ్చి ఉండడమే అందుకు కారణం. పైరాలిడే, క్రాంబిడే అనే రెండు కుటుంబాలు కలిపి సుమారు 16,000 జాతులను శాస్త్రజ్ఞులు వర్ణించారు. మనకు ఇవి కొత్తవి కావు. వరిలో తెల్లకంకికి కారణమయ్యే కాండం తొలుచు పురుగు, ఆకుముడత పురుగు, వంకాయలో చిల్లు చేసే పురుగు, మామిడిలో ఆకుగూడు పురుగు, అన్నీ ఈ వంశం వారే. వీటి చెవులు తల మీద ఉండవు. పొట్ట మొదట్లో ఉంటాయి. గబ్బిలాల కూతను విని తప్పించుకోవడానికి ఆ చెవులు ఉపకరిస్తాయి. తేనెపట్టులను పాడుచేసే మైనపు శలభం 300 కిలోహెర్ట్జుల దాకా వినగలదని 2013లో పరిశోధకులు ప్రకటించారు. మన చెవికి 20 దాటితే వినపడదు.

ఆ రాత్రి బిలిమోరాలో బస చేసి, మరునాడు వఘాయి వెళ్ళే చిన్న రైలెక్కాము. 63 కిలోమీటర్ల ఈ సన్నపట్టాల మార్గాన్ని బరోడా గాయక్వాడుల సంస్థానం 1913 ప్రాంతంలో నిర్మించింది. డాంగ్ అడవుల టేకును మైదానానికి తరలించడం దాని ముఖ్యోద్దేశం. పెట్టెలు ఊగుతూ సాగుతుంటే సపోటా, మామిడి తోటలు వెనుకబడి, చెరకు పొలాలు, వేడినీటి బుగ్గలకు పేరొందిన ఉనాయి, ఆ తరువాత కొండలు, టేకు చెట్లు మొదలయ్యాయి. సూరత్‌కు ఈ కలపతో పాత చుట్టరికమున్నది. సూరత్‌కు చెందిన పారశీ ఓడల నిర్మాత లవ్‌జీ నసర్వాన్‌జీ వాడియా 1736లో బొంబాయికి తరలివెళ్ళారు. అక్కడ ఆయన వంశస్థులు టేకుతో కట్టిన ఓడలు బ్రిటిష్ నౌకాదళంలో సైతం పనిచేశాయి. వాటిలో 1817లో జలప్రవేశం చేసిన ట్రింకోమలీ ఈనాటికీ ఇంగ్లండులో భద్రంగా ఉన్నది.

వఘాయి చేరేసరికి కొండవాలు చూసి మా గుండె గుభేలుమన్నది. చెట్లన్నీ నిప్పు తగిలినట్లు కపిలవర్ణంలో ఉన్నాయి. దగ్గరకు వెళ్ళి ఒక ఆకును అందుకున్నాము. విస్తరంత ఆకులో పచ్చదనం లేదు. ఈనెల అల్లిక మాత్రం జల్లెడ వలె మిగిలి, ఎత్తి పట్టుకుంటే ఆకాశం కనబడింది. మాలో ఒకరు ఆదిలాబాదు వారు. తమ అడవుల్లోనూ వానలు వెనుకబట్టాక ఇలాంటి ఆకులు చూశానని చెప్పారు. ఇది కూడా ముట్టె శలభమే. పేరు యూటెక్టోనా మాకెరాలిస్. పసుపు రెక్కల మీద ఎర్రని వంకర గీతలతో చూడముచ్చటగా ఉంటుంది. మాలో మేము దానికి 'జల్లెడ పురుగు' అని పేరు పెట్టుకున్నాము.

అడవి చచ్చిపోతున్నదా అని అక్కడ పశువులు మేపుకుంటున్న ఒక ఆదివాసీ పెద్దను అడిగాము. ఆయన తాపీగా, "రాలే ఆకే కదా తిన్నది!" అన్నాడు. ఆ ఒక్క మాటలో ఎంతో శాస్త్రమున్నది. టేకు మీద రెండు పురుగులు ముఖ్యమైనవి. హైబ్లేయా ప్యూరా అనేది తొలకరి చిగురును తింటుంది. అది ముట్టె శలభాల వంశం కాదు. జల్లెడ పురుగు ముదురాకును, అదీ ఋతువు చివర తింటుంది. కేరళ అటవీ పరిశోధన సంస్థ వారు నీలంబూరు టేకు తోటల్లో కొన్ని చెట్లను పురుగు నుండి కాపాడి, కొన్నింటిని వదలి, పెరుగుదల కొలిచి చూశారు. చిగురు తినే పురుగు వల్ల పెరగవలసిన కలపలో 44 శాతం నష్టమని 1985లో వెల్లడించారు. జల్లెడ పురుగు వల్ల చెప్పుకోదగిన నష్టం కనబడలేదు. కంటికి భయంకరంగా తోచినది స్వల్పమని, తొలకరి సందడిలో కంటికి ఆనకుండా పోయినది ఘనమని తేలింది.

తిరుగు ప్రయాణంలో మా నలుగురి మధ్య చర్చ అంతా దీని మీదనే సాగింది. పురుగు ఏమి తిన్నదన్నది ఒక ప్రశ్న. ఎప్పుడు తిన్నదన్నది మరొక ప్రశ్న. దాని వల్ల చెట్టు, మనిషి ఏమి కోల్పోయారన్నది అసలు ప్రశ్న. వఘాయి అడవిలో ఏమీ చేయకపోవడమే పని. గణదేవి తోటలో చేతులు కట్టుకుని కూర్చుంటే ఇల్లు గడవదు. మా కాలనీ చెట్లు ఈ రెంటికీ నడుమ ఉన్నాయి. వాటి పండ్లు అమ్ముకుని బ్రతికేవారు మాలో లేరు. వాటి నీడ లేకపోతే మాత్రం వేసవి గడవదు.

సమావేశంలో చూసినది చూసినట్లు చెప్పాము. గొడ్డలి పక్షం వారు వెంటనే మెత్తబడలేదు. చివరకు ఒక సంవత్సరం గడువు ఇచ్చారు. ప్రతి ఆదివారం ఉదయం వంతుల వారీగా ఎండుగుత్తులు కోసి కాల్చడం, గుబురు కొమ్మలు తీయించడం, ద్వారం వద్ద పొగడను కూడా లెక్కలో చేర్చడం, మందు కొట్టకపోవడం అని తీర్మానమైంది. ఆ ఏడాది నిరుడే గడిచింది. పురుగు పోలేదు, తగ్గింది. లోపల గుల్లబారిన రెండు చెట్లను కొట్టక తప్పలేదు. వాటిలో ఒకటి పెద్దాయన నాటినదే. ఆయన వచ్చి నిలబడి చూసి, ఏమీ అనకుండా ఆ గోతిలో ఒక కొత్త మొక్క పెట్టి వెళ్ళారు. తక్కిన ఇరవై ఒక్క చెట్లు ఇప్పుడు పిందె మీద ఉన్నాయి.

కాలనీ పిల్లలకు ఇప్పుడు ఆదివారాలు కొంకి కర్రల పండుగ. గూడు విప్పి గులాబి పురుగును చూపమని పోటీ పడుతున్నారు. సూరత్ రాదలచిన మన సంస్థ మిత్రులకు మా మనవి ఒక్కటే. చీరల బజారు తప్పక చూడండి. మరునాడు బిలిమోరా దాకా వెళ్ళి, ఆ చిన్న రైలెక్కి, దీపావళి నాళ్ళలో టేకు ఆకును ఒకసారి ఆకాశానికి ఎత్తి పట్టి చూడండి.