తొందర ఖరీదు

హైదరాబాదు నుండి కరీంనగర్ వైపు సాగే రాజీవ్ రహదారిపై, సుమారు 100 కిలోమీటర్ల దూరాన సిద్దిపేట ఉంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో ఆ దూరానికి 100 నిమిషాలు పడుతుంది; 80 కిలోమీటర్ల వేగమైతే 75 నిమిషాలు చాలు. మిగిలేది 25 నిమిషాలు. అయితే గాలి నిరోధం సుమారు ఒకటిముప్పావు రెట్లవుతుంది. ఆ భారం మోసేది డీజిలే.

ఆర్టీసీలో డ్రైవరు నేర్పును లీటరుకు నడిచిన కిలోమీటర్లతో కొలుస్తారు. నేర్పరి అయినవాడు టైర్లలో గాలి సరిచూసుకొని బయలుదేరుతాడు. మలుపును దూరం నుండే గమనించి యాక్సిలరేటరుపై నుండి కాలు తీస్తాడు. బస్సు ఆగినచోట ఇంజను ఆపుతాడు.

మన దేశం వాడే ముడిచమురులో ఐదింట నాలుగు వంతులకు పైగా విదేశాల నుండే వస్తున్నది. లీటరు డీజిలు మండితే రెండున్నర కిలోలకు పైగా బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. మిగిలిన నిమిషాలు ఒక్కరివి. కాలిన ఇంధనం, చెడిన గాలి అందరివీ.