హీరోయిన్ ఎవరికోసం పరుగెత్తాలి?

మన సినిమాల్లో హీరోయిన్ పరుగెత్తే సందర్భాలు ముఖ్యంగా రెండే రెండు. ఒకటి, కొండ అంచున చేతులు చాచి నిలబడ్డ హీరో వైపు. రెండోది, వెంటపడుతున్న విలన్ చేతికి చిక్కకుండా. మొదటి పరుగులో పమిట గాలికెగరాలి, వెనకాల వయొలిన్లు మోగాలి. రెండో పరుగులో చెప్పు తెగాలి, ముల్లు గుచ్చుకోవాలి, సరిగ్గా విలన్ చెయ్యి భుజం మీద పడే వేళకి హీరో ఊడిపడాలి. అదే హీరో అయితే తెల్లవారుజామున లేచి కొండలెక్కి, చెరువు గట్ల మీద ఊరికే పరుగెత్తొచ్చు. ఒక్క పాటలో కండలు కూడా పెంచేసుకోవచ్చు!

ఈ పంపకం నాకెప్పుడూ నచ్చలేదు. అందుకే మూడేళ్లుగా నేనూ, మా వదినా నెలకో ఆదివారం హీరోగారి పరుగు పరుగెత్తుతున్నాం. లొకేషన్ అనంతగిరి కొండలు. కెమెరా లేదు, డూప్ లేదు, మేకప్ అసలే లేదు.

హైదరాబాద్‌కి పడమరగా సుమారు 75 కిలోమీటర్ల దూరంలో వికారాబాద్. రైలు జంక్షన్. ఊరు దాటి ఐదారు కిలోమీటర్లు వెళితే కొండ మీద అనంతపద్మనాభస్వామి గుడి, చుట్టూ అడవి. మూసీ నది పుట్టింది ఈ కొండల్లోనే. నగరంలో వంతెన మీద ముక్కు మూసుకుని మూసీ దాటేవాళ్లు ఇక్కడి నీళ్లు చూస్తే ఆ నది ఇదేనా అని ఆశ్చర్యపోతారు. కొండ మీద క్షయ రోగుల ఆస్పత్రి కూడా ఉంది. పాత సినిమాల్లో దగ్గి దగ్గి జేబురుమాలుకి నెత్తురంటించుకునే పాత్రలు గుర్తున్నాయా? 1943లో స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టకముందు ఆ జబ్బుకి మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి - ఇవే వైద్యం. ఊపిరి కోసం మనుషుల్ని కొండకి పంపేవారన్నమాట. మేమూ అందుకే వెళుతున్నాం, కాకపోతే పడుకోవడానికి కాదు.

మా దారి తారురోడ్డు వదిలి ఎర్రమట్టి బాటలోకి తిరుగుతుంది. చలికాలం చివర్లో టేకాకులు రాలి బాటంతా అప్పడాలు పరిచినట్టుంటుంది. అడుగేస్తే కరకరమని శబ్దం. ఆ చప్పుడుకి పొదలోంచి నెమలి లేచి ఎగిరిందంటే గుండె ఝల్లుమంటుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మోదుగలు పూస్తాయి. ఆకు ఒక్కటి లేని కొమ్మల నిండా నిప్పుకణికల్లాంటి పూలు. ఏ ఆర్ట్ డైరెక్టరూ అంత సెట్ వెయ్యలేడు!

అందం సరే, అసలు పని కాళ్లది. 1981లో వచ్చిన 'ఛారియట్స్ ఆఫ్ ఫైర్' చూసిన వాళ్లకి తెలుసు - స్కాట్లాండ్‌లో సెంట్ ఆండ్రూస్ ఇసుక తీరం మీద స్లో మోషన్‌లో పరుగు, వెనకాల వాంజెలిస్ సంగీతం. చూస్తే పరుగు ఇంత సుఖమా అనిపిస్తుంది. ఎదురు కొండ మీద స్లో మోషన్ మనం పెట్టనక్కర్లేదు, అదే వస్తుంది! సంగీతం స్థానంలో మన రొప్పు వినిపిస్తుంది. కొండెక్కేటప్పుడు అడుగు చిన్నది చెయ్యాలి. పక్కవాళ్లతో రెండు మాటలు ఆయాసపడకుండా మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టు. మాట తెగిపోతోందంటే నడవాలి. నడిస్తే నామోషీ ఏమీ లేదు. కొండదారుల్లో పెద్దపెద్ద పరుగువీరులు కూడా నిటారుగా ఉన్న చోట నడుస్తారు.

దిగడం సులువనుకుంటాం. కాదండీ. దిగేటప్పుడు ఒంటి బరువునంతా తొడకండరాలు సాగుతూ ఆపాలి. అందుకే ఆ రోజు బాగానే ఉండి, మర్నాడూ ఎల్లుండీ మెట్లు దిగలేక గోడ పట్టుకోవలసొస్తుంది. మొదటిసారి వెళ్లొచ్చాక మా వదిన రెండ్రోజులు వంటింటి గడప దాటడానికి కూడా "కృష్ణా! రామా!" అంది. మూడో రోజున, "మళ్లీ ఎప్పుడు?" అనడిగింది.

మా వదిన గురించి ఒక మాట చెప్పాలి. చిన్నప్పుడు వాళ్ల ఊరి బడిలో వంద మీటర్ల పరుగులో ఆమెదే మొదటి బహుమతి. ఎనిమిదో తరగతిలో, "పెద్దదానివయ్యావు, ఇంకా ఆ గెంతులేమిటి?" అని ఇంట్లో ఆపేశారు. కోప్పడలేదు, కొట్టలేదు. ఒక్క మాట, అంతే. తర్వాత పాతికేళ్లు బస్సు కోసం తప్ప పరుగెత్తలేదు.

ఒకసారి బాట పక్కన సీతాఫలాల బుట్టతో కూర్చున్న అవ్వ మమ్మల్ని ఆపింది. 

"ఏం బిడ్డా, గట్ల ఉరుకుతున్నరు? ఎవడన్న ఎంటవడ్డడా?"

"లేదవ్వా, ఊరికే" అన్నాను.

అవ్వ కాసేపు మా బూట్ల వంక చూసింది. "నేను గూడ మస్తు ఉరికిన బిడ్డా. బర్రెల ఎంబడి ఉరికిన, వానొస్తే కల్లం కాడికి ఉరికిన. ఊరికే మాత్రం ఎన్నడు ఉరకలే" అని నవ్వి, చెరో పండూ చేతిలో పెట్టింది. ఎంత చెప్పినా డబ్బులు తీసుకోలేదు.

అవ్వనే ఏమనగలం? ఒలింపిక్స్ పెద్దలకే అర్థం కాలేదు! 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆడవాళ్లకి 800 మీటర్ల పరుగు పెట్టి, అలిసిపోయారన్న వంకతో తీసేశారు. మళ్లీ 1960 దాకా పెట్టలేదు. 1967లో బోస్టన్ మారథాన్‌లో కాథరిన్ స్విట్జర్ నంబరు కట్టుకుని పరుగెత్తుతుంటే పోటీ నిర్వాహకుడొకాయన వెంటపడి నంబరు లాగెయ్యబోయాడు. మన సినిమా విలన్ లాగే! ఆమె ఆగలేదు, పరుగు పూర్తిచేసింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల మారథాన్ 1984లో గానీ రాలేదు. అదే లాస్ ఏంజిలిస్‌లో మన పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్స్‌లో సెకనులో నూరోవంతు తేడాతో కాంస్యం పోగొట్టుకుంది.

మన తెర మీద మాత్రం ఒక్క మంచి జ్ఞాపకం ఉంది. 1991లో ఉషాకిరణ్ మూవీస్ వారు మౌళి దర్శకత్వంలో 'అశ్విని' తీశారు. నిజజీవితంలో పరుగురాణి అయిన అశ్వినీ నాచప్ప తన పాత్ర తానే వేసింది. కోచ్‌గా భానుచందర్. అందులో హీరోయిన్ పరుగు హీరో కోసం కాదు, విలన్ భయానికీ కాదు. మా వదిన ఆ సినిమా టీవీలో ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు.

మీకూ వెళ్లాలనిపిస్తోందా? అయితే నాలుగు మాటలు. కిలోమీటర్లు లెక్కపెట్టకండి, నిమిషాలు పెట్టుకోండి. అడవిబాటలో గంటంటే గంటే. ఒంటరిగా వెళ్లొద్దు. ఏ దారిన వెళుతున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పండి. వెలుతురు వచ్చాకే అడవిలోకి అడుగుపెట్టండి. చెవుల్లో పాటలు పెట్టుకోకండి, పామైనా బండైనా ముందు చెవికే తెలుస్తుంది. నీళ్లు మోసుకెళ్లండి, ఖాళీ సీసా తిరిగి మోసుకురండి. మరో ఆదివారం కోట్‌పల్లి ప్రాజెక్టు వైపు వెళ్లండి. వికారాబాద్‌ నుంచి ఇరవై కిలోమీటర్ల పైమాటే. నీటి పక్కనే చెట్ల నీడలో నేల చదునుగా ఉంటుంది, కొత్తవాళ్ల కాళ్లకి హాయి.

దర్శకులకు ఒక విన్నపం. ఈసారి అవుట్‌డోర్ వెళ్లినప్పుడు ఒక్క షాట్ తియ్యండి. తెల్లవారుతున్న కొండదారి, చెమట పట్టిన మొహం, హీరోయిన్ పరుగెత్తుతోంది. ముందర ఎవరూ లేరు, వెనకా ఎవరూ లేరు. పాట కూడా అక్కర్లేదు.

మా మేనకోడలు, అంటే వదిన కూతురు, ఇప్పుడు ఎనిమిదో తరగతికి వచ్చింది. వచ్చే ఆదివారం తనూ వస్తానంటోంది. దానికి బూట్లు కొనాలి. ఆ కొనడానికి మా అన్నయ్యని తీసుకెళ్తానంటోంది వదిన.