చిన్న దీవి, పెద్ద చరిత్ర

సిసిలీకి దక్షిణాన ఉన్న మాల్టా వైశాల్యం 316 చదరపు కిలోమీటర్లే. ఇంత చిన్న నేల ఇంత చరిత్రను ఎలా మోసిందా అనిపిస్తుంది.

మాల్టాకు చెందిన గోజో దీవిలోని జగంతియా ఆలయాలను క్రీ.పూ. 3600 ప్రాంతంలో కట్టారు. ఈజిప్టు పిరమిడ్ల కంటే అవి పాతవి. లోహపు పనిముట్లు ఎరుగని మనుషులు అంతంత సున్నపురాతి బండల్ని ఎలా కదిలించారో, ఏ నమ్మకం వాళ్లచేత ఆ పని చేయించిందో!

1565లో ఒట్టోమన్ సేనలు దీవిని ముట్టడించాయి. సెయింట్ జాన్ సంఘానికి చెందిన క్రైస్తవ యోధులు, స్థానిక ప్రజలు కలిసి దాదాపు నాలుగు నెలలు ఎదురొడ్డి నిలిచారు. మరుసటి ఏడాదే యోధుల నాయకుడు లా వాలెట్ కొత్త నగరానికి పునాదిరాయి వేశాడు. అదే నేటి రాజధాని వాలెట్టా. అక్కడి సెయింట్ జాన్ కేథడ్రల్‌లో కారవాజియో 1608లో గీసిన, బాప్తిస్మమిచ్చు యోహాను తల నరికే ఘట్టపు చిత్రం ఉంది. యోహాను మెడ నుంచి కారిన నెత్తురులోనే చిత్రకారుడు తన పేరు రాశాడు. ఎంత సాహసం!

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942 ఏప్రిల్ 9న మోస్టా చర్చి గోపురాన్ని చీల్చుకుని ఒక బాంబు జనం ఉన్న చోట పడింది. పేలలేదు.

ఆ నెలలోనే బ్రిటన్ రాజు ఆరో జార్జి దీవి మొత్తానికీ జార్జి క్రాస్ పతకం ప్రకటించాడు. వీరుడొకరికి కాక, ఆకలినీ బాంబుల్నీ ఓర్చిన ప్రజలందరికీ దక్కిన గౌరవం అది. 1964లో స్వాతంత్ర్యం వచ్చాక కూడా మాల్టా ఆ పతకాన్ని తన జెండా మీద ఉంచుకుంది.